టీసీ ఇచ్చి పంపితే సమస్య పక్క బడికి పోతుంది

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో బడిపిల్లల వేధింపుల వార్తలు తరచుగా చదువుతున్నాను. ఒక పిల్లవాడు తోటి విద్యార్థిని రోజూ కొడుతున్నాడనో, చిన్న తరగతుల పిల్లల దగ్గర డబ్బులు లాక్కుంటున్నాడనో, బడి బస్సులో వెనక సీటుకు పిలిపించుకుని ఏడిపిస్తున్నాడనో ఫిర్యాదు వస్తుంది. బాధిత పిల్లవాడి బంధువులు బడి ముందు బైఠాయిస్తారు, మండల విద్యాశాఖాధికారి వచ్చి విచారణ జరుపుతారు, ఆ తర్వాత వార్త ఎప్పుడూ ఒకే వాక్యంతో ముగుస్తుంది: సదరు విద్యార్థికి టీసీ ఇచ్చి పంపినట్లు ప్రధానోపాధ్యాయుడు తెలిపారు. వార్త అక్కడితో అయిపోతుంది గాని పిల్లవాడి కథ అయిపోదు. వారం తిరక్కుండా అతడు పక్క మండలంలోనో, నాలుగు వీధుల అవతల ఉన్న ప్రైవేటు బడిలోనో చేరతాడు. అక్కడ అతని సంగతి ఎవరికీ తెలియదు. కొత్త చోట నిలదొక్కుకోవడానికి అతడు తనకు బాగా చేతనైన విద్యనే మళ్ళీ బయటికి తీస్తాడు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఉద్యోగ జీవితమంతా గడిపిన ఉపాధ్యాయురాలిగా ఈ విషయం కొంత వివరంగా రాయదలిచాను. ఉత్తరం నిడివి పెరిగితే మన్నించగలరు.

ముందుగా చట్టం మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం, బడిలో చేరిన పిల్లవాణ్ణి ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసివేయకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారిని అదే తరగతిలో ఉంచే వీలు రాష్ట్రాలకు కల్పించారు గాని, తీసివేయరాదన్న నియమాన్ని మార్చలేదు. ప్రైవేటు బడులకూ అది వర్తిస్తుంది. మరి ఇన్ని టీసీలు ఎలా వెళుతున్నాయంటే, తండ్రిని పిలిపించి, పోలీసు కేసు అవుతుందని భయపెట్టి, ఆయన చేతనే దరఖాస్తు రాయించుకుంటారు. బడి విడిచిపెట్టడానికి కారణం అన్న గడిలో 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అన్న మాట చేరుతుంది. కాగితం మీద అంతా సక్రమమే. తొమ్మిది, పది తరగతుల పిల్లలకైతే ఆ సెక్షన్ రక్షణ కూడా లేదు కనుక పని ఇంకా తేలిక. బాధిత కుటుంబం గోడును నేను తక్కువ చేయడం లేదు. తమ బిడ్డ మరుసటి రోజు నుంచి భయం లేకుండా బడికి రావాలని వాళ్ళు కోరడం పూర్తిగా న్యాయం, అందుకు బడి ఆ రోజే ఏర్పాటు చేసితీరాలి. అయితే ఆ ఏర్పాటు చేయడం చేతగాక ఇంకో బిడ్డను వీధిలోకి నెట్టి, చేతులు దులుపుకోవడాన్ని మనం క్రమశిక్షణ అని పిలుస్తున్నాం.

ఇద్దరు పిల్లలు బంతి కోసం కొట్టుకోవడం వేరు, ఒకడు ఇంకొకణ్ణి వేధించడం వేరు. నార్వేలో 1982 చివర్లో ముగ్గురు బాలురు తోటి పిల్లల వేధింపుల కారణంగానే ఆత్మహత్య చేసుకున్నారన్న వార్త దేశాన్ని కలవరపెట్టగా, 1983లో అక్కడి ప్రభుత్వం బడులన్నిటా నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. దానికి ఆధారమైన పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మూడు గుర్తులు చెప్పారు. హాని చేయాలన్న ఉద్దేశం ఉండడం, అది మళ్ళీ మళ్ళీ జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండడం. ఆ బలం కండబలమే కానక్కరలేదు. వయసు, వెంట ఉన్న జట్టు, కులం, డబ్బు, మాటకారితనం, చివరికి ఉపాధ్యాయుడి పిల్లవాడు కావడం కూడా బలమే.

మూడో గుర్తును పట్టించుకోకపోవడం వల్లనే మన బడుల్లో ఒక పొరపాటు రివాజుగా జరిగిపోతోంది. ప్రధానోపాధ్యాయుడి గదిలో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, "సారీ చెప్పు, ఇద్దరూ చేతులు కలపండి, ఇకమీదట స్నేహంగా ఉండండి" అని పంపేస్తాం. సమానుల తగవుకైతే ఈ రాజీ పనికివస్తుంది. వేధింపులో ఇది బాధితుడికి రెండో దెబ్బ. తనను నెల రోజులుగా ఏడిపిస్తున్నవాడి చేతిని పెద్దల ఎదుట పట్టుకుని నవ్వవలసి రావడం ఏమిటో ఆ పిల్లవాణ్ణి అడిగితే తెలుస్తుంది. ఏడిపించినవాడికి కూడా దీనివల్ల ఒరిగేది లేదు, ఒక్క 'సారీ'తో ఖాతా చెల్లిపోతుందని నేర్చుకుంటాడంతే. గదిలోంచి బయటికి వచ్చాక వరండా మలుపులో 'మేడంకి చెప్తావా' అన్న మాట వినబడకపోతే ఆశ్చర్యపోవాలి.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో పనిచేసిన అనతోల్ పికాస్ రూపొందించిన పద్ధతిలో ఈ వరుస తిరగబడుతుంది. వేధించే జట్టులోని పిల్లలతో మొదట ఒక్కొక్కరితో విడిగా, నేరం మోపకుండా మాట్లాడతారు. ఫలానా పిల్లవాడు చాలా ఇబ్బందిలో ఉన్నాడు, నువ్వేం చూశావు, దీనికి నువ్వేం చేయగలవు అని అడుగుతారు. తర్వాత బాధితుడితో విడిగా మాట్లాడతారు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టడం చివరి మెట్టు. ఒంటరిగా కూర్చోబెట్టినప్పుడు జట్టు మొనగాడు కూడా మామూలు పిల్లవాడైపోవడం నేను చాలాసార్లు చూశాను. నేరం మోపకుండా మాట్లాడడం అన్ని సందర్భాల్లోనూ సరిపోతుందని మాత్రం నాకు నమ్మకం లేదు. కళ్ళారా చూసినదాన్ని చూశానని చెప్పడమే కొందరి విషయంలో మేలు.

ఒక ఉదాహరణ చెబుతాను. బడి పేరు, ఊరు పేరు అవసరం లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు మధ్యాహ్న భోజనంలో ఇచ్చే ఉడికించిన గుడ్లను ఆరో తరగతి పిల్లల పళ్ళేల్లోంచి తీసుకునేవాడు. బస్సు దిగిన దగ్గర నుంచి బడిదాకా తన సంచిని కూడా వాళ్ళ చేతనే మోయించేవాడు. వాడికి ఆకలేమో అని మొదట అనుమానపడ్డాం, కాదు. వంటవాళ్ళను అడిగితే తన గుడ్డును వాడు కొన్ని రోజులు పారేసేవాడని తెలిసింది. ఇది ఎక్కడ, ఎప్పుడు జరుగుతోందో గమనిస్తే, అంతా వంటషెడ్డు వెనక ఉన్న చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర, గంట కొట్టిన తర్వాతి కొద్ది నిమిషాల్లోనే. ఆ సమయంలో కాపలా ఉండవలసిన ఉపాధ్యాయుడు వడ్డన ఫొటోలు, భోజనం చేసిన పిల్లల సంఖ్య ఫోన్‌లో ఎక్కిస్తూ ఇవతల నిలబడి ఉంటాడు. ఆయన తప్పు పట్టలేం, ఆ లెక్క సమయానికి ఎక్కకపోతే పైనుంచి సంజాయిషీ అడుగుతారు.

ఆ పిల్లవాణ్ణి భోజనం తర్వాత ప్రయోగశాలలో కూర్చోబెట్టి మాట్లాడాను.

"నిన్న కుళాయిల దగ్గర ఆరో తరగతి పిల్లోడి ప్లేట్లోంచి గుడ్డు తీసుకున్నావు. నేను చూశాను."

"వాడే ఇచ్చినాడు మేడం."

"వాడు ఇవ్వకపోతే ఏమయ్యేది?"

దీనికి జవాబు రాలేదు. కొంతసేపు గోడమీది జీర్ణవ్యవస్థ పటం వైపు చూసి, "ఊరికే తమాషాకి మేడం" అన్నాడు. 'ఎందుకు చేశావు' అని మాత్రం నేను అడగలేదు. ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర నిజమైన జవాబు ఉండదు, పెద్దల దగ్గరే ఉండదు కదా. అడిగితే సాకు పుడుతుంది, సాకు మీద వాదన పుడుతుంది, చేసిన పని పక్కకు పోతుంది. చేసినది ఇది, ఇది ఇవాళ్టితో ఆగాలి, రేపటి నుంచి గంట కొట్టగానే నువ్వెక్కడ ఉంటావు, శుక్రవారం మళ్ళీ నా దగ్గరికి వచ్చి చెప్పాలి, అన్నంతవరకే మాట్లాడుకున్నాం. గొంతు పెంచవలసిన అవసరం రాలేదు.

అప్పట్లో ఒక సహోపాధ్యాయుడు వాడి గుడ్డు వారం రోజులు ఆపేయమన్నారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే బడిలో పెట్టే అన్నం వాడి హక్కు, పైగా ఎదుటివాడి పళ్ళెంలోది లాక్కోకూడదని చెప్పడానికి వాడి పళ్ళెంలోది మనం లాక్కోవడం ఏ రకంగానూ పాఠం కాదు. చేసినదానికి తగిన దిద్దుబాటు ఉండాలి. వాడు సంచి మోయించిన పిల్లల పుస్తకాలకు అట్టలు వేయించాను. ముందుగా ఆ పిల్లలను అడిగాను కూడా. ఒక పిల్లవాడు ఆ అన్న తన దగ్గరికి రావడమే వద్దన్నాడు. అందుకని ఆ పుస్తకాలను వేరే టీచరు తెచ్చి ఇచ్చారు, అట్టలు వేశాక ఆవిడే తిరిగి ఇచ్చారు. బాధితుడి ఇష్టం లేకుండా చేయించే దిద్దుబాటు మళ్ళీ ఆ 'చేతులు కలపండి' వ్యవహారమే అవుతుంది. కుళాయిల దగ్గరికి మాత్రం ఫోన్ పని లేని ఒక ఉపాధ్యాయుణ్ణి మార్చాం. నిజం చెప్పాలంటే సగం మార్పు ఆ ఒక్క ఏర్పాటుతోనే వచ్చింది.

అతడు ఏడాది చివరికి సాధువైపోయాడని చెప్పను. సంక్రాంతి సెలవుల తర్వాత మళ్ళీ సంచి మోయిస్తున్నాడని తెలిసింది, మళ్ళీ కూర్చోబెట్టి మొదటి నుంచి మాట్లాడవలసి వచ్చింది. ఇలా వెనక్కి జారడాన్ని చూసి 'వాడింతే' అని వదిలేసే చోటే చాలా బడులు ఓడిపోతాయి. ఈ పిల్లలు తమ పలుకుబడిని ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నారు, రెండు వారాల్లో దాన్ని వదులుకోమంటే ఎలా వదులుకుంటారు? వారానికి ఒకసారి ఒకే మనిషి కలవడం, కలిసినప్పుడు కిందటిసారి మాట్లాడుకున్నది గుర్తుంచుకుని అడగడం, ఆగ్రహించకుండా, మరిచిపోకుండా ఉండడం వల్లనే మెల్లగా ఫలితం కనబడుతుంది. మంచి పని చేసినప్పుడు 'గుడ్ బాయ్' అంటే చాలదు. "నిన్న లైన్లో చిన్నోణ్ణి ముందుకు పోనిచ్చినావు, చూశాను" అని చేసిన పనినే చెప్పాలి.

ఇక్కడ ఒక ఆనవాయితీ గురించి చెప్పక తప్పదు. 'అల్లరివాణ్ణి లీడర్ చేయండి, బాధ్యత తెలిసొస్తుంది' అన్న సలహా మన స్టాఫ్‌రూముల్లో తరతరాలుగా వస్తోంది. ఉత్త అల్లరివాడి విషయంలో అది పనిచేయవచ్చు. ఇతరులను ఏడిపించేవాడికి లీడర్ పదవి ఇవ్వడమంటే వాడి పనికి ప్రభుత్వ ముద్ర వేయడం. బోర్డు మీద 'మాట్లాడినవారి పేర్లు' రాసే సుద్దముక్క వాడి చేతికి ఇస్తే ఎవరి పేర్లు రాస్తాడో, ఎవరి పేర్లు చెరపడానికి ఏం అడుగుతాడో చెప్పనక్కరలేదు. వాడికి పని ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి, కాని ఇతరుల మీద అధికారం లేని పని ఇవ్వాలి. ఖోఖో కోర్టుకు సున్నం గీతలు వేయడం, మొక్కలకు నీళ్ళు పోయడం, సైన్సు పరికరాలు కడిగి సర్దడం వంటివి చేయించవచ్చు. మా డ్రిల్లు మాస్టారు ఈ విషయంలో ఎవరికన్నా తెలివైనవారు. అలాంటి పిల్లవాణ్ణి ఆయన ఎన్నడూ జట్టు నాయకుణ్ణి చేయలేదు, గీతల సున్నం డబ్బా మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఏడిపించే పిల్లలందరూ ఒక తీరువాళ్ళు కారు. సినిమాల్లో చూపించినట్టు ప్రతివాడి వెనకా ఒక తాగుబోతు తండ్రి, కన్నీటి కథ ఉండవు. తరగతిలో అందరికీ ఇష్టుడై, మార్కులు తెచ్చుకుంటూ, టీచర్ల ముందు వినయంగా ఉంటూ, ఎవరిని ఎంచుకుంటే ఎవరూ అడ్డురారో సరిగ్గా తెలిసినవాడు ఒక రకం. ఇతడికి ఆత్మవిశ్వాసం లేదని జాలిపడి ధైర్యం చెప్పడం దండగ, ఆ సరుకు అతడి దగ్గర అవసరానికి మించే ఉంది. ఇతడికి హద్దు కావాలి, ఆ పనివల్ల దక్కే చప్పట్లు ఆగాలి. ఇంకొక రకం పిల్లవాడు తానే ఎక్కడో దెబ్బలు తింటూ ఉంటాడు. ఇంట్లోనో, హాస్టల్లోనో, పై తరగతి పిల్లల చేతిలోనో నలిగి, తనకన్నా చిన్నవాడి మీద తీర్చుకుంటాడు, చప్పున కోపం తెచ్చుకుంటాడు, ప్రతిసారీ పట్టుబడతాడు. ఇతడికి హద్దుతో పాటు ఆసరా కూడా కావాలి. చదవడం సరిగా రాక, తరగతిలో రోజూ నవ్వులపాలవుతూ, ఆట సమయంలో ఆ లెక్క సరిచేసుకునేవాడు కూడా ఉంటాడు. వాడికి ముందు అక్షరాలు నేర్పితే మిగతా పని సగం తేలికవుతుంది. ఎవరు ఏ రకమో చూడకుండా అందరికీ ఒకే బెత్తం, లేదా అందరికీ ఒకే నీతిబోధ ఇవ్వడం వల్ల రెండూ వ్యర్థమవుతున్నాయి. బెత్తాన్ని చట్టమే ఒప్పుకోదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది, ప్రార్థన సమావేశంలో నిలబెట్టి పరువు తీయడం ఆ రెండో దాని కిందికే వస్తుంది.

ఇంటివాళ్ళను పిలిపించడం దగ్గర మనం చాలా పాడుచేస్తున్నాం. చిత్తూరు పరిసరాల గ్రామాల్లో అమ్మానాన్నలు పని కోసం బెంగళూరుకో చెన్నైకో వెళితే పిల్లవాడు అవ్వ దగ్గర పెరుగుతుంటాడు. కబురు పంపితే ఆ అవ్వే కర్ర ఊతంతో వస్తుంది. వచ్చీరాగానే "కండ్లు రెండూ వదిలిపెట్టి తోలు ఒలిచేయండమ్మా, నేనేమీ అడగను" అంటుంది. ఆవిడ మనకిచ్చే గౌరవం అది, అయినా ఆ అనుమతి మనం తీసుకోకూడదు. తిరుపతిలోనైతే కష్టం ఇంకో రకం. లాడ్జీల్లో, హోటళ్ళలో, పూల అంగళ్ళలో, కొండకు తిరిగే టాక్సీల్లో పనిచేసేవారికి యాత్రికుల రద్దీని బట్టే పనివేళలు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో తండ్రి ఇల్లు చేరే సమయానికి పిల్లవాడు నిద్రపోతుంటాడు, లేదా ఫోన్ చేతిలో పెట్టుకుని మేలుకుని ఉంటాడు. అలాంటి తండ్రిని ఒక పూట కూలి పోగొట్టి రప్పించి, పది మంది ఉపాధ్యాయుల ముందు కొడుకు నేరాల చిట్టా చదివితే రెండే జరుగుతాయి. "మావోడు అట్లాంటోడు కాదు మేడం, వాళ్ళే వీణ్ణి రెచ్చగొడతా ఉండారు" అని ఎదురుతిరుగుతాడు, లేదా అక్కడే కొడుకు చెంప పగలగొడతాడు. రెండోది జరిగితే పిల్లవాడు నేర్చుకునేది, పెద్దవాడు చిన్నవాణ్ణి కొట్టవచ్చునన్న పాత పాఠమే.

తండ్రితో విడిగా, ఆయనకు వీలైన వేళకు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏ రోజు ఏం జరిగిందో ఒకటి రెండు సంగతులు ఉన్నవున్నట్టు చెప్పాలి, 'మీవాడు రౌడీ' అన్న బిరుదు వద్దు. రాత్రి ఎప్పుడు పడుకుంటాడు, ఇంట్లో ఎవరుంటారు, ఎవరి మాట వింటాడు అని అడగాలి. ఎవరి మాట వింటాడన్న ప్రశ్న చాలా విలువైనది. ఒక్కోసారి ఆ పేరు మేనమామది, ఒక్కోసారి వీధి చివర సైకిల్ షాపు అతనిది. ఆ మనిషిని కలుపుకుంటే బడి చెప్పే మాట ఇంటిదాకా చేరుతుంది. ఇంట్లో చేయవలసింది కూడా ఒకటే అడగాలి, పది అడిగితే ఒక్కటీ జరగదు.

మరొక సంగతి, చూస్తూ నిలబడే పిల్లలు. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీనా సాల్మివల్లి బృందం తయారుచేసిన 'కివా' అనే కార్యక్రమాన్ని 2009 నుంచి ఆ దేశమంతటా బడుల్లో అమలు చేశారు. వేధించేవాడికి కావలసింది బాధితుడి ఏడుపు కంటే చుట్టూ నిలబడ్డవారి నవ్వేనన్న గ్రహింపు దానికి మూలం. అందులో బడిలోని ఒక చిన్న బృందం బాధితుడితోను, వేధించినవారితోను విడివిడిగా మాట్లాడడమే కాక, తరగతిలో మంచి పేరున్న ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి బాధితుడికి తోడుగా ఉండమని అడుగుతుంది. మన దగ్గర దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. వేధించేవాణ్ణి ఎదిరించమని పిల్లలను అడగనక్కరలేదు, అది వాళ్ళకు ప్రమాదం కూడా. నవ్వకుండా ఉండడం, భోజనానికి కూర్చునేటప్పుడు ఆ పిల్లవాణ్ణి పక్కకు పిలవడం, టీచరుకు చెప్పడం చాలు. టీచరుకు చెప్పడాన్ని మన పిల్లలు 'చాడీలు' అంటారు. చాడీ చెప్పేవాణ్ణి విసుక్కుని పంపేసే అలవాటు మా ఉపాధ్యాయులకు ఉన్నంతకాలం వాళ్ళు చెప్పరు.

మా ఉపాధ్యాయుల మాట వచ్చింది కనుక ఇంకొకటి. పిల్లల నోట వినబడే పేర్లలో కొన్ని మా నోటి నుంచే వెళుతున్నాయి. హాజరు తీసుకుంటూ ఒకణ్ణి 'మొద్దు' అనీ ఇంకొకణ్ణి 'బండోడు' అనీ పిలిచి తరగతిని నవ్వించే ఉపాధ్యాయుడు, అదే పేరుతో ఆట స్థలంలో ఏడిపించినవాణ్ణి మందలించలేడు. కుప్పం, గుడిపాల, నగరి వైపు సరిహద్దు మండలాల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఎందరో తెలుగు బడుల్లో చదువుతున్నారు. వాళ్ళ యాసను వెక్కిరించి 'అరవోడు' అనడం అక్కడ వేళాకోళంగా చెల్లిపోతోంది. కులం పేరుతో చేసే అవమానాన్ని మాత్రం వేళాకోళం, పిల్లచేష్ట అన్న మాటల కింద కప్పిపెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. ఆడపిల్లల మధ్య దెబ్బలు తక్కువ, వెలివేత ఎక్కువ. వాట్సాప్ గ్రూపులోంచి ఒక అమ్మాయిని తీసేసి మిగతావారంతా అందులోనే ఆమె గురించి మాట్లాడుకోవడం ఏ ఉపాధ్యాయుడి కంటా పడదు, అయినా గాయం లోతుగానే ఉంటుంది.

కొందరు పిల్లల విషయంలో బడి ప్రయత్నం చాలదు. జంతువులను హింసించడం, బ్లేడు కత్తి వంటివి వెంట తేవడం, తనను తాను గాయపరచుకోవడం, ఎంత చెప్పినా ఒక్క నిమిషం నిలవలేకపోవడం కనబడితే వైద్యుడికి చూపించాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రికి తీసుకువెళ్ళవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లవాడే ఇంట్లో హింసకు గురవుతున్నాడని అనుమానం వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి. ఈ రెండు నంబర్లూ ప్రతి బడి గోడ మీద ఉండాలి, పిల్లల కంటి ఎత్తులో ఉండాలి.

ఇదంతా ఎవరు చేస్తారని అడుగుతారు. సీబీఎస్‌ఈ బోర్డు 2015లోనే వేధింపుల నివారణ కమిటీలు వేయాలని తన బడులను కోరింది, గేటు పక్కన కమిటీ సభ్యుల పేర్ల బోర్డు ఉన్న బడులూ ఉన్నాయి. బోర్డు రాయించడం తేలిక, పని తెలిసిన మనిషి దొరకడం కష్టం. మన జిల్లాకు అందులో ఒక అదృష్టం ఉంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర విభాగం ఉంది, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సామాజిక సేవా శాస్త్రం బోధిస్తారు. అక్కడ పీజీ చదివే విద్యార్థులను క్షేత్ర శిక్షణలో భాగంగా, తమ అధ్యాపకుల పర్యవేక్షణలో, చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు వారానికి ఒక రోజు పంపే ఏర్పాటును జిల్లా విద్యాశాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి చేయవచ్చు. వచ్చినవారు ఏడాది పొడవునా అదే బడికి రావాలి. వారానికొక కొత్త ముఖం వస్తే పిల్లవాడు ఎవరికీ ఏమీ చెప్పడు.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ సమావేశాల్లో వంటషెడ్డు, మరుగుదొడ్ల గురించి మాట్లాడుకున్నట్టే, ఏ పిల్లవాడి పేరూ ఎత్తకుండా, బడిలో పిల్లలు భయపడే చోట్లు ఏవి అని కూడా మాట్లాడుకోవాలి. రాష్ట్రమంతటా 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ సమావేశం జరిగింది, ఆ తర్వాతా జరుగుతున్నాయి. ముగ్గులు, పోటీలు, సహపంక్తి భోజనం అన్నీ బాగున్నాయి. అయితే ఇలాంటి పిల్లవాడి తల్లికి కావలసింది ఆ షామియానా కింద దొరకదు, ఆమెకు తలుపు వేసిన గదిలో పావుగంట కావాలి. ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు బడులకైతే చట్టప్రకారం ఈ కమిటీ కూడా తప్పనిసరి కాదు. తిరుపతి చుట్టూ వెలసిన రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో రాత్రి స్టడీ అవర్ ముగిసిన తర్వాత డార్మిటరీలో ఏం జరుగుతుందో చూసే మనిషి చాలాచోట్ల చాలీచాలని జీతానికి పనిచేసే ఒక్క వార్డెనే. అతనికి పిల్లల గురించి ఏ శిక్షణ ఇచ్చారని తల్లిదండ్రులు ఫీజు కట్టే రోజున అడగాలి.

జిల్లా విద్యాశాఖాధికారులకు నా విన్నపం ఒకటుంది. విద్యాసంవత్సరం మధ్యలో, ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు 'తల్లిదండ్రుల కోరిక మేరకు' జారీ అయిన టీసీలను ఏడాదికి ఒకసారి తెప్పించి, ఆ తల్లిదండ్రుల్లో కొందరికి ఫోన్ చేసి, ఆ కోరిక ఎవరిదో అడిగి తెలుసుకోవాలి.

ఇక మీకు చేసుకునే విన్నపం. 2015 బాలన్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, నేరారోపణకు గురైన పిల్లల పేరుగాని, చిరునామాగాని, బడిగాని, వారిని గుర్తుపట్టే ఏ వివరమూగాని పత్రికల్లో రాకూడదు. బాధితులైన పిల్లలకూ, సాక్షులకూ ఇదే వర్తిస్తుంది. మీ పత్రిక పేర్లు వేయడం లేదు, సంతోషం. కాని ఊరి పేరు, తరగతి, తండ్రి ఆటో నడుపుతాడన్న మాట, మూడూ కలిపి వేస్తే చిన్న ఊళ్ళలో పేరు వేసినట్టే. ఆ మూడింటిలో ఏదీ లేకుండానే వార్త నిలబడుతుంది. వీలైతే ఇంకొకటి చేయండి. టీసీ ఇచ్చారన్న వార్త వేసిన రెండు మూడు నెలలకు మీ విలేకరిని మళ్ళీ ఆ బడికి పంపి, బాధిత పిల్లవాడు రోజూ బడికి వస్తున్నాడా, టీసీ తీసుకుపోయినవాడు ఎక్కడ చేరాడు, అసలు చేరాడా అని విచారించి, పేర్లు లేకుండా అది కూడా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తిరుపతి.